వియ్యాలూ... కయ్యాలూ... రాజ్యాలూ!

'కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి' అన్న మాట మనింట్లో సంబంధాలు వెతికేటప్పుడు వింటూనే ఉంటాం. ఈ మాటకే 'బలాల సమతూకం' అని పేరు పెట్టి యూనివర్సిటీల్లో అంతర్జాతీయ సంబంధాల పాఠంగా చెబుతారంటే ఆశ్చర్యంగా లేదూ!

అంతర్జాతీయం అనగానే ఢిల్లీ, న్యూయార్కు గుర్తుకొస్తాయి గానీ, ఈ పాఠానికి మన లేపాక్షి చక్కగా సరిపోతుంది. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు. చుట్టూ రాళ్లగుట్టలు, వానకోసం ఎదురుచూసే వేరుశనగ చేలు. ఇలాంటి కరువు సీమలో అచ్యుతదేవరాయల కాలంలో (1529-42) విరూపణ్ణ అనే అధికారి వీరభద్రుడి గుడి కట్టించాడు. పైకప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు, కొప్పులు చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆ పక్కనే పార్వతీ పరమేశ్వరుల కల్యాణ మంటపం మాత్రం సగంలోనే ఆగిపోయింది. ఖజానా సొమ్ము గుడికి పెట్టాడన్న నింద వస్తే విరూపణ్ణ తన కళ్లు తానే పీకేసుకున్నాడని చెబుతూ గోడమీద ఎర్రటి మరకలు చూపిస్తారు. కథలో నిజం మాట అలా ఉంచండి. గుడి సంగతేమో గానీ, ఆ రోజుల్లో ఖజానాకు అసలు భారం యుద్ధాలూ, గుర్రాలూ!

మంచి యుద్ధపు గుర్రాలు అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో గోవాకు వచ్చేవి. ఆ గుర్రాలు మాకే అమ్మాలి, బీజాపూరుకు ఇవ్వకూడదని 1547లో విజయనగరం పోర్చుగీసు వాళ్లతో ఒప్పందం రాసుకుంది. ఈనాడు ఆయుధాల అమ్మకాలపై దేశాలు పెట్టుకునే షరతులకు ఇది ముత్తాత అన్నమాట.

పక్కింటివాడు పగవాడట!

ఈ ఎత్తుగడలకు మూలం కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కనిపిస్తుంది. సరిహద్దు పంచుకునే రాజు శత్రువు, వాడికి అవతలివాడు మిత్రుడు అంటాడాయన. (అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు!) ఈ గ్రంథం తాళపత్రాలు 1905లో మైసూరులో శామశాస్త్రిగారి కంటబడ్డాయి.

పడమటి దేశాలవాళ్లు మాత్రం 1648 నాటి వెస్ట్‌ఫేలియా సంధి నుంచి లెక్క మొదలుపెడతారు. మొదటి ప్రపంచ యుద్ధం చూసి బెంబేలెత్తాక, మళ్లీ అలాంటిది రాకుండా ఏం చేయాలో చదవడానికి 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో ప్రత్యేకంగా ఒక ప్రొఫెసర్ పదవే పెట్టారు. ఒప్పందాలు, సమితులు ఉంటే శాంతి నిలుస్తుందన్నది ఉదారవాదుల ఆశ. రెండో యుద్ధమూ వచ్చిపడ్డాక, 1948లో మార్గెంథా అనే పండితుడు 'దేశాలు చూసుకునేది తమ అధికారాన్నే' అని తేల్చి చెప్పాడు. దీన్ని వాస్తవికవాదం అంటారు.

పెంచుకున్న కొడుకు

ఈ రెండు వాదాలూ అళియ రామరాయల కథలో కనిపిస్తాయి. అన్న జంషీద్‌కి భయపడి పారిపోయి వచ్చిన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాకు 1543 నుంచి ఏడేళ్లు విజయనగరమే ఆశ్రయం. అక్కడే తెలుగు మీద మక్కువ పెంచుకుని, తర్వాత తెలుగు కవుల నోట 'మల్కిభరాముడు' అయ్యాడు. బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్‌షా, రామరాయల కొడుకు చనిపోయినప్పుడు పరామర్శకు వచ్చాడు. రామరాయల భార్య అతన్ని కొడుకుగా పెంచుకుందని ఫెరిష్టా రాశాడు. ఒకరిని ఇంకొకరి మీదికి ఉసిగొల్పుతూ, ఎవరూ మరీ బలపడకుండా రామరాయలు చాలా ఏళ్లు నెట్టుకొచ్చాడు.

కానీ ఒకడు మరీ పెద్దవాడైతే మిగతావాళ్లు ఒకటవుతారన్నదీ ఈ శాస్త్రంలోని మాటే. అహ్మద్‌నగర్, బీజాపూరు పాత పగలు పక్కనపెట్టి కుండమార్పిడి పెళ్లిళ్లు చేసుకున్నాయి. అహ్మద్‌నగర్ సుల్తాను కూతురు చాంద్‌బీబీని అలీకిచ్చి, కట్నంగా షోలాపూర్ కోట రాసిచ్చారు. అలీ చెల్లెలు అహ్మద్‌నగర్ కోడలైంది. సంధికి హామీగా కాగితం కాదు, ఇద్దరు ఆడపిల్లలు! 1565 జనవరి 23న తళ్లికోట యుద్ధంలో రామరాయలు చనిపోయాడు. ఎదుటి సైన్యాల్లో పెంపుడు కొడుకూ ఉన్నాడు, మల్కిభరాముడూ ఉన్నాడు. రాజధాని లేపాక్షికి దగ్గర్లోని పెనుకొండకు తరలింది. పెంచుకున్న ఆ తల్లి పేరు మన స్కూలు పుస్తకాల్లో కనబడదు.

చాంద్‌బీబీ మాత్రం పేరు నిలుపుకుంది. 1595-96లో అక్బరు సేనలు ముట్టడిస్తే అహ్మద్‌నగర్ కోటను కాపాడింది. చివరికి బీరారు వదులుకుని సంధి కుదిర్చింది కూడా ఆమే.

ఆడవాళ్లెక్కడ?

'ఈ శాస్త్రంలో ఆడవాళ్లెక్కడ?' అని సింథియా ఎన్లో అనే అమెరికా ప్రొఫెసర్ 1989లో ఒక పుస్తకమే రాసింది. దౌత్యవేత్తల భార్యలు, అరటితోటల కూలీలు, పరాయి దేశాల్లో ఇంటిపని చేసేవాళ్లు లేకపోతే ఈ దేశాల వ్యవహారం ఒక్కరోజు నడవదంటుందామె. రాయలసీమ ఆడవాళ్లకి ఇది దూరపు కబురు కాదు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఇక్కడి అప్పులు తీర్చిన తల్లులెందరో! భారత్, కువైట్‌లు 2021 జూన్‌లో ఇంటిపనివాళ్ల గురించి ఒప్పందం చేసుకున్నాయి. యజమాని బాధ్యతలేమిటో, పనిమనిషి హక్కులేమిటో అందులో ఉన్నాయి. ఇరవై నాలుగు గంటలూ సాయం అందే ఏర్పాటూ ఉంది. వెళ్లబోయేవాళ్లు ఏజెంటు చేతిలో డబ్బు పెట్టేముందే ఆ ఒప్పందం గురించీ, తమ పని కాంట్రాక్టు గురించీ అడగాలి.