క్లచ్ తీగ – పనితీరు, సంరక్షణ

మోటారుసైకిలు ఎడమ చేతిపిడి దగ్గర ఉండే లీవరును నొక్కినప్పుడు ఇంజనుకూ వెనుక చక్రానికీ ఉన్న సంబంధం తాత్కాలికంగా తెగిపోతుంది. వదిలినప్పుడు మళ్ళీ కుదురుతుంది. ఈ సంబంధాన్ని కలిపి విడదీసే యంత్రభాగమే క్లచ్. మన దేశంలో తిరిగే మోటారుసైకిళ్ళలో చాలావాటికి ఇది ఇంజను లోపల, నూనెలో తడుస్తూ పనిచేస్తుంది కాబట్టి నడిపేవారికి కనిపించదు. కంటికి కనిపించని ఆ భాగానికీ, మన చేతికీ నడుమ రాయబారం నడిపేది ఒక సన్నని ఉక్కుతీగ. మెకానిక్కులు దీనిని క్లచ్ వైరు అనీ, క్లచ్ కేబులు అనీ అంటారు.

మన పూర్వకవుల కాలంలో వేగానికి మారుపేరు గుర్రం. నలుడు తనకు తెలిసిన అశ్వహృదయాన్ని ఋతుపర్ణునికి ఇచ్చి, బదులుగా అక్షహృదయాన్ని పొందిన కథ భారతంలో ఉంది. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలను వివరిస్తూ హయలక్షణ విలాసమనే గ్రంథాన్నే రచించాడు. వాహనం ఎక్కేవాడికి దాని స్వభావం కూడా తెలిసి ఉండాలని ఆనాటివారు భావించారు. నేడు మోటారుసైకిలు చాలా ఇళ్ళలో ఉంది. దాని తీగను ఒకసారైనా పరిశీలించి చూసినవారు మాత్రం అరుదు.

క్లచ్ లోపల ఘర్షణ పలకలు, ఉక్కు పలకలు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చి ఉంటాయి. బలమైన స్ప్రింగులు వాటిని అదిమిపట్టి ఉంచడం వలన అవన్నీ కలిసి ఒకే ముద్దగా తిరుగుతాయి. ఇంజను శక్తి చక్రానికి చేరుతుంది. లీవరును నొక్కితే తీగ లాగబడి, స్ప్రింగుల ఒత్తిడి తొలగి, పలకలు విడివడతాయి. అప్పుడే గేరు మార్చడం సులువవుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. దారాన్ని లాగాలంటే అది తిన్నగా ఉండాలి కదా! చేతిపిడి నుండి ఇంజను వరకు మెలికలు తిరిగి, హ్యాండిలుతోపాటు అటూ ఇటూ వంగే తీగ బలాన్ని ఎట్లా మోసుకుపోగలదు? ఈ చిక్కును విప్పే తీగకు 1896లో పేటెంటు పొందినవాడు ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్. అందుకే దీనిని బౌడెన్ కేబులు అంటారు. దీని కిటుకంతా పైతొడుగులో ఉంది. ఉక్కుతీగను స్ప్రింగులాగా దగ్గరదగ్గరగా చుట్టి, పైన ప్లాస్టిక్ పొర వేసి ఈ తొడుగును తయారు చేస్తారు. అది వంగుతుంది కాని కుదించుకుపోదు. లోపలి తీగ లాగబడేటప్పుడు, తొడుగు అంతే బలంతో రెండు చివరల వద్దా ఎదురు నెడుతుంది. అంటే తీగ ఒక్కటే పనిచేయడం లేదు. తీగ, తొడుగు జంటగా పనిచేస్తున్నాయి. ఈ జంటలో తొడుగును కాస్త పొడిగించినా, తీగను కాస్త పొట్టి చేసినా ఫలితం ఒక్కటే. తీగను కోయకుండానే బిగువును సవరించగలగడానికి కారణం ఇదే. తొడుగు చివర ఉండే మరను బయటికి తిప్పితే తొడుగు దారి పొడుగవుతుంది, తీగ బిగుసుకుంటుంది. లోపలికి తిప్పితే వదులవుతుంది.

అయితే తీగ ఎంత బిగువుగా ఉంటే అంత మంచిదని భావించరాదు. లీవరును నొక్కడం మొదలుపెట్టిన తరువాత కొంతదూరం అది తేలికగా, ఖాళీగా కదలాలి. ఆ తరువాతే బరువు తగలాలి. చాలా బండ్లకు ఈ ఖాళీ లీవరు కొన వద్ద 10 నుండి 20 మిల్లీమీటర్ల వరకు ఉండాలి. మీ ఇంటి బండికి ఎంతో దానితోపాటు ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. ఖాళీ బొత్తిగా లేకపోతే లీవరును కొంచెం నొక్కిపట్టినట్లే అవుతుంది. పలకలు పూర్తిగా అతుక్కోక జారుతుంటాయి. ఇంజను హోరు పెరుగుతుంది కాని వేగం పెరగదు; పెట్రోలు వృథా అవుతుంది, పలకలు వేడెక్కి అరిగిపోతాయి. నగరాలలో లీవరు మీద రెండువేళ్ళు ఎప్పుడూ బిగించి ఉంచే అలవాటు కూడా ఇదే హాని చేస్తుంది. ఖాళీ మరీ ఎక్కువైతే పలకలు పూర్తిగా విడిపోవు. గేరు కటకటమంటుంది, న్యూట్రలు దొరకదు. లీవరు నొక్కి ఉన్నా బండి మెల్లగా ముందుకు పాకుతుంది. ఆ ముందు రోడ్డు దాటుతున్న మనిషి ఉండవచ్చు.

కాలక్రమంలో తీగ సాగితే ఖాళీ పెరుగుతుంది. పలకలు అరిగితే తరుగుతుంది. ఒకటి పెంచుతుంటే మరొకటి తగ్గిస్తుంది కనుక, ఖాళీ సరిగా ఉన్నంత మాత్రాన రెండూ బాగున్నాయని అనుకోవడానికి వీలులేదు.

సవరించే పద్ధతి కష్టమైనది కాదు. ఇంజను చల్లారిన తరువాత బండిని స్టాండు వేసి నిలపాలి. చిన్న తేడాను లీవరు దగ్గరి మరతోనే సరిచేయవచ్చు. లాకునట్టును వదులుచేసి, మరను కొద్దికొద్దిగా తిప్పుతూ ఖాళీని కొలిచి, మళ్ళీ నట్టును బిగిస్తే సరిపోతుంది. ఈ మరను చివరిదాకా బయటికి తీయకూడదు. పట్టు తగ్గి విరిగే ప్రమాదముంది. పెద్ద తేడా ఉన్నప్పుడు పైమరను దాదాపు పూర్తిగా లోపలికి తిప్పి, ఇంజను వైపు ఉన్న సవరణను పానాతో సరిచేసి, మిగిలిన కొంచెం తేడాను మళ్ళీ పైమరతో దిద్దాలి. తరువాత హ్యాండిలును పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పి చూడాలి. ఖాళీ మారిందంటే తీగ ఎక్కడో ఇరుక్కుందని అర్థం. ఇంత చేసినా క్లచ్ జారుతుంటే దోషం తీగది కాదు. పలకలో, స్ప్రింగులో అరిగి ఉండాలి, లేదా కార్లకు వాడే నూనె పోసి ఉండాలి. తడి క్లచ్ ఉన్న బండ్లకు జాసో ఎంఏ గుర్తు గల నూనె కావాలి.

పద్దెనిమిదేళ్ళు నిండనిదే గేర్ల బండి నడపడానికి చట్టం ఒప్పుకోదు. నాన్నగారి బండికి తీగ సవరించి ఇవ్వడానికి మాత్రం వయోపరిమితి ఏమీ లేదు.

ఇక కందెన సంగతి. సుమతీ శతకకారుడు బండి ఇరుసుకు పెట్టే కందెనను ప్రస్తావించాడు, అయితే అది కరణాన్ని అనుసరించి ఉండాలని చెప్పడానికి తెచ్చిన ఉపమానం! మన ప్రయోజనం అంతకన్నా నిష్కల్మషమైనది. తీగను లీవరు నుండి విడదీసి, తొడుగు చివరన పాలిథీన్ కాగితాన్ని గరాటులాగా చుట్టి దారంతో కట్టి, పలుచని నూనెను చుక్కచుక్కగా పోయాలి. తీగను నిలువుగా పట్టుకొని ఆడిస్తుంటే నూనె క్రిందికి దిగి రెండవ కొన వద్ద కనిపిస్తుంది. ఇంజను నుండి తీసిన నల్లని పాతనూనె పోసే ఆచారం కొన్నిచోట్ల ఉంది. అందులోని మడ్డి తీగను కాపాడదు సరికదా, అరగదీస్తుంది. లోపల నైలాన్ పొర ఉన్న తీగలకు తయారీదారు చెప్పనిదే నూనె పోయరాదు.

తీగ అనేక సన్నని ఉక్కుపోగుల పేనిక. అది సాధారణంగా నడుమ తెగదు. లీవరు దగ్గర, కొననున్న లోహపు గుండు పక్కన, పదేపదే వంగేచోట తెగుతుంది. అదీ ఒక్కసారిగా కాదు. ముందు ఒక పోగు లేచి వేలికి ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ రోజే తీగ మార్చాలి. సిగ్నలు వద్ద గేరులో ఉంచి, లీవరు నొక్కిపట్టి నిలుచున్నప్పుడు మిగిలిన పోగులు తెగితే బండి ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. అందువల్ల ఎక్కువసేపు ఆగవలసినచోట న్యూట్రలులో ఉంచడం క్షేమకరం. నడుస్తుండగా తెగితే యాక్సిలరేటరు వదిలి, బ్రేకు వేస్తూ, బండి ఆగబోయేముందు కాలితో న్యూట్రలుకు తీసుకురావాలి. దూరప్రయాణాలు చేసేవారిలో కొందరు కొత్తతీగను పాతదాని వెంబడే ముందుగానే అమర్చి కట్టి ఉంచుకుంటారు. పాతది తెగినప్పుడు రెండు కొనలనూ తగిలించి, ఖాళీ సరిచూసుకొని బయలుదేరవచ్చు.