నీళ్లు గడప తొక్కకముందే మెయిన్ ఆపాలి

జూలై వచ్చిందంటే యానాంలో రెండు లెక్కలు నోళ్లలో నానుతుంటాయి. ఒకటి పులస ధర, రెండోది ధవళేశ్వరం దగ్గర గోదావరి మట్టం. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఈ అంకెలు ఇక్కడ అయిదో తరగతి పిల్లలకు కూడా నోటికి వచ్చు. రెండో హెచ్చరిక వినగానే బియ్యం బస్తా అటకెక్కుతుంది, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలోకి చేరతాయి, ఫ్రిజ్ మంచమెక్కుతుంది. గోడకున్న కరెంటు బోర్డు సంగతి మాత్రం చాలా ఇళ్లలో పాదాలు తడిశాకే గుర్తొస్తుంది.

1986 ఆగస్టు వరదకు భద్రాచలంలో నీటిమట్టం 75.6 అడుగులు. 2022 జూలైలో 71.3 అడుగులు. ఆ రెండోసారి యానాంలో గౌతమి ఒడ్డు కాలనీల్లోకి నీళ్లు రావడం ఇప్పుడు బడుల్లో ఉన్న పిల్లల్లో చాలామంది కళ్లారా చూసిందే. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లను అడగాలి. తుపానుకూ వరదకూ ఒక తేడా ఉంది. భద్రాచలంలో పెరిగిన నీరు మన దాకా రావడానికి ఒక రోజుకు పైనే పడుతుంది. అంటే గోదావరి మనకు గడువు ఇచ్చి వస్తుంది. ఆ గడువులో కరెంటు విషయంలో ఏం చేయాలో ముందే తేల్చి పెట్టుకోవచ్చని మేము ఈ వారం ఈ పేజీని దీనికి కేటాయించాం. పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుత్ పాఠం చదివినవాళ్లకు ఇందులో కొత్త సూత్రం ఏదీ లేదు. పాత సూత్రాన్ని ఇంటి గోడ దగ్గరికి తీసుకెళ్లడమే.

ఫ్యూజు ఎవరి కోసం?

"మా ఇంట్లో కొత్త ఎంసీబీలు వేయించాం, భయం లేదు" అనేమాట తరచూ వింటాం. లెక్క వేద్దాం. ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుందాం. ఓమ్ నియమం ప్రకారం పొటెన్షియల్ భేదాన్ని నిరోధంతో భాగిస్తే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీఆంపియర్లు. ఒక మిల్లీఆంపియరు ప్రవహిస్తే చేయి జిల్లుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలాలన్నా వదలలేం. యాభై, వంద మధ్యకు వెళితే గుండె లయ తప్పవచ్చు. మన లెక్కలో వచ్చింది 230.

ఇక ఎంసీబీ సంగతి. సాకెట్లకు సాధారణంగా వేసేది 16 ఆంపియర్లది. మనిషి ఒంట్లోంచి పోతున్న 0.23 ఆంపియర్లు దాని హద్దులో దాదాపు డెబ్బయ్యో వంతు. అది కదలదు. ఎందుకు కదలాలి? దాన్ని పెట్టింది వైరు వేడెక్కి కాలిపోకుండా ఉండటానికి. పాతకాలం పింగాణీ ఫ్యూజు పనీ అదే. అందులో తీగ తెగిపోతోందని లావుపాటి రాగి తీగ చుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా చుట్టాక అది వైరునూ కాపాడదు.

మనిషి కోసం పెట్టే పరికరం వేరే ఉంది. దాని పేరు ఆర్‌సీసీబీ. ఎలక్ట్రీషియన్లు కొందరు ఈఎల్‌సీబీ అనే పాత పేరుతోనే పిలుస్తారు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని చూడటమే దీని పని. 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చిందంటే ఆ కరెంటు ఎక్కడో దారి తప్పి భూమిలోకి పోతోందన్నమాట. ఆ దారి మనిషి ఒళ్లు కావచ్చు. వెంటనే సరఫరా తెంచేస్తుంది. తేడా 150 మిల్లీఆంపియర్లకు చేరితే 40 మిల్లీసెకన్లలోపే తెంచాలి, ప్రమాణం అది. మన లెక్కలో వచ్చిన 230 దానికంటే ఎక్కువే.

ఇళ్లకు 30 మిల్లీఆంపియర్లది అడిగి తీసుకోవాలి. 100, 300 మిల్లీఆంపియర్లవి కూడా చూడటానికి ఇలాగే ఉంటాయి కానీ అవి మనిషిని కాపాడటానికి చాలవు. ఇంకో రెండు సంగతులు కూడా చెప్పుకోవాలి. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, ఒంట్లోంచి భూమిలోకి ఏమీ పోకపోతే దీనికి తేడా తెలియదు. ఓవర్‌లోడును కూడా ఇది పట్టించుకోదు కాబట్టి ఎంసీబీ పక్కనే ఉండాలి. దాని ముఖం మీద ఇంగ్లిష్ 'టి' అక్షరంతో చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కుమని పడిపోవాలి. పడకపోతే ఆ పరికరం బోర్డులో అలంకారానికి ఉన్నట్టే.

మే నెలలో ఎండిన ఎర్తు

"మాకు ఎర్తు ఉంది కదా" అనేది రెండో ధీమా. ఎర్తు ఉండాల్సిందే, కానీ అది ఎలా ఉందన్నది రుతువును బట్టి మారుతుంది. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన గొయ్యి వానాకాలంలో తడిగా ఉండి కరెంటును సులువుగా భూమిలోకి పంపుతుంది. మే నెలలో మట్టి ఎండి నిరోధం పెరుగుతుంది. గొయ్యి నిరోధం 2 ఓములున్నప్పుడు గ్రైండరు బాడీకి ఫేజు తగిలిందనుకోండి, 115 ఆంపియర్లు పారి ఎంసీబీ పడిపోతుంది. అదే గొయ్యి ఎండి 20 ఓములైతే పారేది 11.5 ఆంపియర్లే. పదహారు ఆంపియర్ల ఎంసీబీ అలాగే నిలబడి ఉంటుంది. గ్రైండరు బాడీ మీద కరెంటు కూడా అలాగే ఉంటుంది, తడి చేత్తో పిండి తీసేవాళ్ల కోసం.

వేసవిలో ఎర్తు గొయ్యిలో బిందెడు నీళ్లు పోయమని పాతకాలం వైర్‌మెన్ చెప్పేమాట ఇందుకే. ఇనుప బాడీ కూలర్లు ఎక్కువగా షాక్ కొట్టేదీ ఆ నెలల్లోనే. కూలర్లో నీళ్లు పోసేముందు స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు, ప్లగ్గు కూడా పీకాలి. స్విచ్‌ను పొరపాటున న్యూట్రల్ మీద బిగించి ఉంటే, ఆపాక కూడా లోపలిదాకా ఫేజు ఉంటుంది.

ప్లగ్గులో వైర్ల రంగుల దగ్గర ఒక చిక్కుంది. ఇంటి గోడలోని వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. మిక్సీ, ఇస్త్రీ పెట్టె తీగల్లో మాత్రం గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్తు. త్రీఫేజు కనెక్షన్ ఉన్న షాపుల్లో గోడలోని నీలం వైరు న్యూట్రల్ కాదు, మూడో ఫేజు. ఒకే నీలానికి రెండు అర్థాలు. సొంతంగా ప్లగ్గు మార్చే అలవాటున్నవాళ్లు ఈ ఒక్క వాక్యం మళ్లీ చదువుకోవాలి.

యానాంలో ఉప్పుగాలి కూడా ఒక కారణమే. రాగి కొసలకు చిలుము పట్టి, స్క్రూలు వదులై, సాకెట్ లోపల వేడి పుడుతుంది. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, చేపల కమురు లాంటి వాసన వచ్చినా అది కాలబోతోందని అర్థం. వంటింట్లో నిజంగా చేపలే వేగుతుంటే ఈ వాసన పట్టడం కష్టమే, ఒప్పుకుంటాం.

దండెం తీగ

వానాకాలం ప్రమాదాల్లో పేపర్లో పదేపదే కనిపించేది దండెం. బట్టలారేసే ఇనుప తీగను ఒక కొస రేకుల షెడ్డు పైపుకు, రెండో కొస సర్వీసు వైరు వచ్చే గొట్టానికి కడతారు. గాలికి సర్వీసు వైరు తొడుగు అరిగి గొట్టానికో రేకుకో తగులుతుంది. దండెం మొత్తం ఫేజు అవుతుంది. తడిబట్ట, తడినేల, చెప్పుల్లేని కాళ్లు. ఒకరు పడిపోతే లాగబోయిన రెండోవాళ్లు కూడా పడిపోతారు. ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఒక ప్లేటు ఇడ్లీ అంత. మొత్తం వ్యాసంలో ఇంత చవకైన జాగ్రత్త మరోటి లేదు.

ఎవరికైనా షాక్ కొడుతుంటే ముట్టుకోకూడదు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో తీగను తప్పించాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేస్తూనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

షాపులు, చెరువులు

చేపల మార్కెట్లో ఐసు కరిగిన నీళ్లలోనే ఎక్స్‌టెన్షన్ బాక్సు పడి ఉండటం, టిఫిన్ హోటల్లో గ్రైండరు ప్లగ్గు తెగిపోతే రెండు తీగలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించడం కొత్తవి కావు. షాపులో పనిచేసే కుర్రాడికి ఇది తప్పని చెప్పే ధైర్యం ఉండదు కనుక చెప్పాల్సింది యజమానులకే. బాక్సును నేలమీద కాకుండా నడుమెత్తున గోడకు బిగిస్తే చాలావరకు సరిపోతుంది. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుండగా నీళ్లలోకి దిగడం మరీ ప్రమాదం. ముందు మోటారు ఆపాలి, ఆపిన స్టార్టరు దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి.

జనరేటర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. తుపాను తర్వాత కరెంటు లేనప్పుడు జనరేటర్ తీగను మామూలు సాకెట్లో దూరిస్తే, ఆ కరెంటు మీటరు దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెనక్కి పోతుంది. అక్కడ 11 వేల వోల్టులుగా మారి, లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన మనిషిని తాకుతుంది. ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ కలపకూడదు. తెగిపడిన తీగ కనిపిస్తే పది మీటర్ల దూరంలో ఆగి, ఎవర్నీ అటు రానివ్వకుండా విద్యుత్ శాఖకు చెప్పాలి.

వరద రోజు, వరద తర్వాత

నీళ్లు వీధిలో ఉన్నప్పుడే, మీరు పొడినేల మీద ఉన్నప్పుడే, మెయిన్ ఆపాలి. గదిలో నీళ్లు చేరాక బోర్డు దగ్గరికి వెళ్లొద్దు. విద్యుత్ శాఖ వాళ్లు లైను ఆపేదాకా బయటే ఉండాలి. వీధికి కరెంటు పోయింది కదా అని నిశ్చింత పడితే మరో గండం ఇంట్లోనే ఉంది, ఇన్వర్టరు. మెయిన్ ఆపినా, వీధిలో సరఫరా లేకపోయినా, బ్యాటరీ నుంచి అది 230 వోల్టులు తయారుచేసి సాకెట్లకు పంపుతూనే ఉంటుంది. దాని స్విచ్ వేరు, దాన్ని వేరుగా ఆపాలి.

నీళ్లు తీశాక తొందర ఎక్కువ. ఫోన్ ఛార్జింగ్ కావాలి, మోటారు వేసి బురద కడగాలి. కానీ సాకెట్ పెట్టెల్లో, గోడ గొట్టాల్లో ఒండ్రు ఉంటుంది. నీట మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు ఎండబెట్టి వాడుకునేవి కావు, మార్చాల్సిందే. వైర్లను ఎలక్ట్రీషియన్ మెగ్గరుతో పరీక్షించి సరే అన్నాకే మెయిన్ వేయాలి. మళ్లీ బిగించేటప్పుడు గోడమీద వరద మరక కనిపిస్తూనే ఉంటుంది. సాకెట్లు ఆ మరకకు పైన పెట్టమని మేస్త్రీకి వేలుపెట్టి చూపించవచ్చు.

బడిలో చేయగలిగిన పని

యానాంలో తెలుగు అందరి ఇంటి భాష, పుదుచ్చేరి మొత్తానికి అల్పసంఖ్యాకుల భాష. పుదుచ్చేరి అధికార భాషా చట్టం యానాంలో తెలుగు వాడకానికి చోటిచ్చింది. కానీ మన గోడమీది బోర్డులో ఒక్క తెలుగు అక్షరం ఉండదు. పరికరాల మీద ఉన్నదంతా ఇంగ్లిషే. వరద రోజు బోర్డు ముందు నిలబడేది చాలాసార్లు ఇంట్లో ఉన్న అమ్మమ్మో, నాయనమ్మో. ఆరు నల్లటి మీటల్లో ఏది దేనిదో ఆవిడకు ఎలా తెలియాలి?

అందుకని ఎనిమిది నుంచి పది తరగతుల సైన్సు టీచర్లను మేము ఒకటి కోరుతున్నాం. వానలు ముదరకముందు పిల్లలకు తెల్లకాగితం చీటీలు ఇచ్చి ఇంటికి పంపండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కో ఎంసీబీని ఆపుతుంటే, ఏ గదిలో లైటు ఆరిందో, ఏ సాకెట్ ఆగిందో పిల్లలు చూసి రాయాలి. బోర్డు మూత తీయకూడదు, లోపల చేయి పెట్టకూడదు. 'వంటిల్లు', 'ముందు గది', 'మోటారు', 'మెయిన్, ముందు ఇది ఆపాలి' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, మూత పైన పారదర్శక టేపుతో అంటించాలి. ఆర్‌సీసీబీ ఉంటే పక్కన 'ప్రతి నెల ఒకటో తేదీన టి నొక్కాలి' అని. విద్యుత్ శాఖ స్థానిక కార్యాలయం ఫోన్ నంబరు మీటరు బోర్డు మీదే ఉండాలి, ఫోన్లో కాదు. ఇన్వర్టరున్న ఇళ్లలో ఒక చీటీ ఎక్కువ పడుతుంది. అది బోర్డు మీద కాదు, ఇన్వర్టరు మీదే అంటించాలి: 'మెయిన్ ఆపినా ఇది ఆగదు. దీన్ని వేరుగా ఆపండి.'