నొప్పి వచ్చేదాకా నడవాలి

సూరత్ రింగ్ రోడ్డు టెక్స్‌టైల్ మార్కెట్‌లో ఒక మనిషి నడుస్తూ నడుస్తూ చీరల కొట్టు ముందు ఆగిపోతే బేరానికి వచ్చాడనే అనుకుంటాం. రెండు నిమిషాలు నిలబడతాడు, మళ్లీ బయల్దేరతాడు, ఇంకో వంద అడుగులు వేశాక మరో కొట్టు ముందు ఆగుతాడు. అతను చూస్తున్నది చీరల్ని కాకపోవచ్చు. పిక్క పట్టేసింది, అది వదిలేదాకా నిలబడ్డాడు. జర్మన్లు వాడుకలో దీన్ని ‘షాపు అద్దాల జబ్బు’ అనే పిలుస్తారు. వైద్యులు పెట్టిన పేరు పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్, పొట్టిగా పీఏడీ. గుండె రక్తనాళాల్లో పేరుకునే కొవ్వే కాళ్లకు వెళ్లే ధమనుల్లోనూ పేరుకుని దారిని ఇరుకు చేస్తుంది. ఊరికే ఉన్నప్పుడు ఆ కాస్త రక్తం సరిపోతుంది, నడిస్తే చాలదు.

తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్ వైపు, పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. మరమగ్గాల షెడ్లలో 12 గంటల షిఫ్టు మామూలు. సాంచాల (మరమగ్గాల) మధ్య అంతసేపు నిలబడే మనిషికి పిక్కల నొప్పి వింతేమీ కాదు. “పొద్దంతా నిలబడితే కాళ్లు గుంజవా మరి” అని సరిపెట్టుకుంటారు. అసలు జబ్బు దాక్కునేది సరిగ్గా ఈ మాట వెనకే.

పీఏడీ నొప్పి తీరు వేరు. నడిస్తేనే వస్తుంది, ప్రతిసారీ ఇంచుమించు అంతే దూరానికి వస్తుంది, ఆగి నిలబడితే చాలు, కొద్ది నిమిషాల్లో పోతుంది. నడుములో నరం నొక్కుకుపోయి వచ్చే నొప్పికి నిలబడటం చాలదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. ఈ తేడా చెప్పగలిగితే డాక్టరు పని సగం తేలికవుతుంది. పరీక్ష కూడా సులువే. చీలమండ దగ్గర బీపీ కొలిచి, దాన్ని చేతి బీపీతో భాగిస్తారు. 0.90 లేదా అంతకంటే తక్కువ వస్తే ధమని ఇరుకైనట్టే. షుగర్ ఉన్నవాళ్లలో ధమనులు గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపించవచ్చు, అప్పుడు కాలి బొటనవేలి దగ్గర కొలుస్తారు.

పీఏడీకి పెద్ద కారణాలు పొగాకు, షుగర్. బీపీ, కొలెస్ట్రాల్ తర్వాత వస్తాయి. 2000లో వెలువడిన చెన్నై అధ్యయనంలో పీఏడీ 3.2 శాతం మందిలో కనబడింది, షుగర్ ఉన్నవాళ్లలో మాత్రం 6.3 శాతం. బీడీ మానకుండా ఎంత నడిచినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

కాలు నొప్పి పెడితే కాలికి విశ్రాంతి ఇవ్వాలని అందరికీ తోస్తుంది. ఈ జబ్బులో అదే పొరపాటు. నడకే మందని జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఎర్బ్ 1898లోనే రాశాడు. 1966లో కోపెన్‌హాగన్‌లో లార్సన్, లాసెన్ అనే ఇద్దరు వైద్యులు కొద్దిమంది రోగుల్ని రెండు జట్లుగా చేసి పరీక్షించి, ఆ మాట నిజమని చూపారు. అమెరికాలో 2012లో వచ్చిన క్లెవర్ అధ్యయనం ఇంకా ముందుకెళ్లింది. పొట్ట కిందినుంచి కాళ్లకు దిగే ధమనులు మూసుకుపోయిన 111 మందిని తీసుకున్నారు. 6 నెలల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడవగలిగే సమయం మందులు మాత్రమే వాడినవాళ్లకు 1.2 నిమిషాలు, స్టెంట్ వేయించుకున్నవాళ్లకు 3.7 నిమిషాలు, దగ్గరుండి నడిపించినవాళ్లకు 5.8 నిమిషాలు పెరిగింది. ఊరట ఎలా ఉందని అడిగితే మాత్రం స్టెంట్ వాళ్లే ఎక్కువ బాగుందన్నారు. అంటే స్టెంట్ దండగ కాదు. కానీ నడకను పరీక్షించకుండానే స్టెంట్ దాకా వెళ్లడం తొందరపాటు.

విచిత్రమేమిటంటే నడిచినా ధమనిలోని అడ్డంకి కరగదు. చీలమండ బీపీ కూడా అంతగా మారదు. మరి లాభం ఎక్కడిది? రక్తనాళం లోపలి గోడకు ఒక సన్నని పొర ఉంటుంది, ఎండోథీలియం అంటారు. నడిచినప్పుడు రక్తం వేగంగా పారుతూ ఈ పొరను ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడికి అది నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, నాళం సడలి వెడల్పవుతుంది. ఈ అణువు గుట్టు విప్పినందుకే ఫర్ష్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. పీఏడీ ఉన్నవాళ్లలో ఈ పొర మొద్దుబారి ఉంటుంది. చికాగోలో మేరీ మెక్‌డెర్మాట్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్ల చేతి ధమని కూడా మునుపటికంటే బాగా విచ్చుకుంది. నడిచింది కాళ్లు, మేలుపడింది చేతి నాళం! పిక్క కండరం సైతం వచ్చిన కొద్ది రక్తంలోంచే ఎక్కువ ఆక్సిజన్ పిండుకోవడం నేర్చుకుంటుంది.

ఎంత నడవాలి? మెల్లగా, నొప్పి రాకుండా నడిస్తే ఫలితం అంతగా ఉండదు. మెక్‌డెర్మాట్ బృందమే 2021లో 305 మంది మీద ఏడాదిపాటు చూసింది. హాయిగా నడిచినవాళ్లు 6 నిమిషాల్లో నడిచే దూరం పెరగలేదు, నొప్పి వచ్చేంత వేగంగా నడిచినవాళ్లకు సుమారు 34 మీటర్లు పెరిగింది. పద్ధతి ఇది: పిక్క గట్టిగా లాగేదాకా నడవాలి, ఆగాలి, నొప్పి పూర్తిగా పోయాక మళ్లీ నడవాలి. మొదట అరగంట, క్రమంగా 45 నిమిషాలు. వారానికి కనీసం 3 రోజులు, 12 వారాలు. షెడ్డులో 12 గంటలు నిలబడటం ఇందులో లెక్కకు రాదు, సాంచాల మధ్య నాలుగడుగులు కూడా రావు.

మొదలుపెట్టే ముందు డాక్టరుకు గుండె చూపించుకోవాలి. షుగర్ ఉంటే ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వేసుకుని, రోజూ పాదాలు తడిమి చూసుకోవాలి. పడుకున్నా కాలు నొప్పి పెడుతున్నా, పుండు మానకపోయినా, వేలు నల్లబడినా నడక పనికిరాదు, ఆసుపత్రికి వెళ్లాలి. కాలు ఉన్నట్టుండి చల్లబడి పాలిపోతే గంట కూడా ఆగకూడదు.

అమెరికాలో మెడికేర్ 2017 నుంచి 12 వారాల్లో 36 నడక తరగతులకు డబ్బు చెల్లిస్తోంది. సూరత్‌లో దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు: ఒక వరండా, ఒక గడియారం, ఒక ఫిజియోథెరపిస్టు. బడిలో పిల్లలకు తెలుగులో పాఠాలు చెప్పించే నగరం, వాళ్ల నాన్నలకూ తాతలకూ ఈ నడక పద్ధతిని ఒక్క పేజీలో తెలుగులో అచ్చువేసి లింబాయత్ ఆరోగ్య కేంద్రాల్లో పంచాలి. ఈలోగా, నడిస్తే పిక్క పట్టేసేవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చీలమండ దగ్గర కూడా బీపీ చూడమని అడగండి.