671 ఆస్పత్రులు, 96 వేల మంది పేషెంట్లు.. డేటా చూపించమంటే మాత్రం నో! లాన్సెట్ స్టడీ ఎందుకు వెనక్కి పోయింది?

హైడ్రాక్సీక్లోరోక్విన్ గుర్తుందా? కరోనా మొదట్లో మెడికల్ షాపుల్లో దొరక్క జనం తిప్పలు పడ్డ ట్యాబ్లెట్ అదే. ఆ మందు మీద వచ్చిన ఓ స్టడీ ప్రపంచాన్ని కుదిపేసి, రెండు వారాలు తిరగకుండానే రద్దయింది. రీసెర్చ్ డేటా బాధ్యత ఎవరిదన్న చర్చ వస్తే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఈ కేసే.

2020 మే 22న ప్రముఖ మెడికల్ జర్నల్ లాన్సెట్‌లో ఈ స్టడీ పబ్లిష్ అయింది. ఆరు ఖండాలు, 671 ఆస్పత్రులు, 96,032 మంది పేషెంట్ల రికార్డులు చూశామని అందులో రాశారు. ఈ మందు వాడినవారిలో మరణాలు, గుండె లయ తప్పడం ఎక్కువగా కనిపించాయన్నది సారాంశం. మూడు రోజులకే, మే 25న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందుపై తన ట్రయల్‌కు బ్రేక్ వేసింది. మన ఐసీఎంఆర్ మాత్రం ముందుజాగ్రత్తగా వాడటం కొనసాగించొచ్చని మరుసటి రోజే చెప్పింది.

దొరికింది ఎక్కడంటే..

ఆస్ట్రేలియా లెక్క దగ్గర. అక్కడ ఏప్రిల్ 21 నాటికి ఆస్పత్రుల్లో 73 మంది చనిపోయారని స్టడీలో ఉంది. కానీ ఆ తేదీకి దేశం మొత్తం మీద నమోదైన కరోనా మరణాలే 67! ఆసియాలోని ఒక ఆస్పత్రిని పొరపాటున ఆస్ట్రేలియా ఖాతాలో వేశామని సవరణ ఇచ్చారు. అనుమానం మాత్రం పోలేదు. వందమందికి పైగా సైంటిస్టులు, డాక్టర్లు బహిరంగ లేఖ రాశారు. వాళ్లు అడిగింది సింపుల్.. ఏయే ఆస్పత్రులు? అసలు డేటా ఏది?

ఆ డేటా సర్జిస్ఫియర్ అనే అమెరికన్ కంపెనీ దగ్గర ఉంది. కంపెనీ అధిపతి సపన్ దేశాయ్ కూడా స్టడీ రాసిన నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గురు బయటి నిపుణులతో ఆడిట్ చేయిద్దామంటే, క్లయింట్లతో ఒప్పందాలున్నాయి, పూర్తి డేటా ఇవ్వలేమని కంపెనీ తేల్చేసింది. దాంతో ఆ ముగ్గురూ ఇక ఈ డేటాకు హామీ ఇవ్వలేమంటూ జూన్ 4న స్టడీని వెనక్కి తీసుకున్నారు. ఇదే కంపెనీ డేటాతో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన మరో పేపర్ కూడా అదే రోజు పోయింది.

ట్విస్ట్ ఏంటంటే, మరుసటి రోజే బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. ఆస్పత్రిలో చేరిన కరోనా పేషెంట్లకు ఈ మందు వల్ల లాభం లేదని తేలింది. అంటే మందు పనిచేయకపోవడం నిజమే. కానీ ఆ మాట నిలబడింది చెక్ చేయగలిగిన డేటా మీద.

మరి బాధ్యత ఎవరిది?

పేపర్ మీద పేరు వేసుకున్న ప్రతి ఒక్కరిదీ. ఎవరో ఇచ్చిన లెక్కలు, మేం రాశాం అంతే అంటే కుదరదు. 2020 సెప్టెంబర్‌లో లాన్సెట్ రూల్ మార్చింది. రచయితల్లో ఒకరికి మించి స్వయంగా డేటా చూసి, సరిచూశామని సంతకం పెట్టాలి.

పేషెంట్ల ప్రైవసీ సంగతో? అది నిజమైన సమస్యే, కానీ దారి లేనిదేం కాదు. పేర్లు, అడ్రస్‌లు తీసేసి, అనుమతి పొందిన రీసెర్చర్లకు మాత్రమే చూపించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది.

దాచడం ఇంకో తలనొప్పి. 2021 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్‌లో బ్యాకప్ ప్రోగ్రామ్ లోపం వల్ల సుమారు 77 టెరాబైట్ల ఫైళ్లు డిలీట్ అయ్యాయి. 14 రీసెర్చ్ గ్రూపులపై ప్రభావం పడింది. వాటిలో నాలుగింటి డేటా బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. తప్పు మాదేనని సిస్టమ్ సప్లయర్ ఒప్పుకుంది. పోయిన ఫైళ్లు మాత్రం పోయినట్టే.

ఇప్పుడు అమెరికాలో ఎన్‌ఐహెచ్ నిధులు కావాలంటే, డేటా ఎలా దాస్తారు, ఎలా పంచుతారు అన్న ప్లాన్ ముందే ఇవ్వాలి. 2023 జనవరి 25 నుంచి ఇది రూల్. మన దగ్గర కూడా ప్రభుత్వ నిధులతో వచ్చే బయాలజీ డేటాను పంచుకోవడానికి 2021లో గైడ్‌లైన్స్ వచ్చాయి. ఆ డేటా కోసం ఫరీదాబాద్‌లో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌ను 2022 నవంబర్‌లో ప్రారంభించారు.