కోడిపెట్ట రొమ్ములో కంతి

రాచపుండు అన్న మాట వస్తే మన పల్లెల్లో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. ఒక ఇంట్లో ఆ జబ్బు ఉన్నదని తెలియగానే కంచం వేరు, గ్లాసు వేరు చేయడం మేము చూస్తూనే ఉన్నాము. ఇది అంటుకుంటుందా అని మమ్మల్ని అడిగేవారూ తక్కువేమీ లేరు. ఆ ప్రశ్నకు జవాబు దొరికిన దారి ఒక కోడిపెట్ట దగ్గర మొదలయింది గనుక ఆ సంగతి వ్రాస్తున్నాము.

1909లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ పరిశోధన సంస్థకు, కోళ్ళు పెంచేవారొకరు ఒక పెట్టను తెచ్చారు. నలుపు తెలుపు చారలున్న ప్లిమత్ రాక్ జాతి పెట్ట. దాని రొమ్ములో పెద్ద కంతి. దానిని పరీక్షించిన పేటన్ రౌస్‌కు అప్పటికి సుమారు ముప్పై ఏళ్ళు. ఈయన వైద్య విద్యార్థిగా శవపరీక్ష చేస్తుండగా, క్షయ పట్టిన ఎముక వేలికి గుచ్చుకుని తానే క్షయ తెచ్చుకున్నాడు. చదువు ఆపి టెక్సాస్ వెళ్ళి ఏడాదిపాటు పశువుల వెంట తిరిగి కోలుకున్నాడు.

ఆ కంతి సార్కోమా. అంటే కండ, కొవ్వు, ఎముక వంటి వాటిలో పుట్టే కాన్సరు. రౌస్ దానిని ఇసుకతో నూరి, ఉప్పునీటిలో కలిపి, జీవకణం ఒక్కటైనా దాటలేని సన్నని వడపోతలో వడకట్టాడు. ఆ తేట నీటిని మంచి కోళ్ళకు ఎక్కిస్తే వాటికీ అదే కంతి లేచింది. కణాలు లేని నీటిలో ఏదో ఉన్నది. అది వైరస్. 1911లో ఈ సంగతి ప్రకటించాడు.

ఇది చదివి ఎవరూ కోడికూర మానవలసిన పని లేదు. ఆ వైరస్ కోళ్ళది. మనుషులకు వచ్చే సార్కోమాలలో చాలావరకు వైరస్ వల్ల వచ్చేవి కావు.

పక్షుల జబ్బుకూ మనుషులకూ ఏమి సంబంధమని నాటి పండితులు పెదవి విరిచారు. ఎలుకలలో వెదికితే అటువంటిది దొరకలేదు. రౌస్ ఆ పని పక్కన పెట్టి, రక్తాన్ని చెడకుండా నిలవ ఉంచే పద్ధతి మీద పడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు అది ఉపయోగపడింది. కోడి విషయంలో నోబెల్ బహుమానం 1966లో వచ్చింది. అప్పటికి ఆయనకు 87 ఏళ్ళు! విచిత్రమేమంటే, జన్యువులు మారిపోవడం వల్ల కాన్సరు వస్తుందన్న మాటను ఆ బహుమాన సభలో కూడా ఆయన ఒప్పుకోలేదు. 1970లో కన్నుమూశాడు.

అసలు మలుపు 1976లో. శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్, వారితో పనిచేసినవారు, రౌస్ వైరస్‌లో కంతిని పుట్టించే 'సార్క్' అనే జన్యువును పట్టుకుని ఏ జబ్బూ లేని పక్షులలో వెదికారు. కోడిలో ఉన్నది, బాతులో ఉన్నది, ఈము పక్షిలోనూ ఉన్నది. తరువాత మనిషిలోనూ కనబడింది. అంటే ఆ జన్యువు వైరస్ సొత్తు కాదు, ఎప్పుడో కోడి నుండి అది ఎత్తుకుపోయినదే. కణం పెరగాలని సంకేతమిచ్చే మామూలు జన్యువు అది. బోరు మోటారు స్విచ్చి పడి ఇరుక్కుపోతే నీరు ఆగక మడి మునిగిపోతుంది గదా, అటువంటి జన్యువు చెడితే కణాలూ ఆగక పెరుగుతాయి. 1989లో వీరిద్దరికీ నోబెల్ ఇచ్చారు.

గనుక కాన్సరు రోగితో కలిసి తింటే, తాకితే, ఒకే గ్లాసుతో త్రాగితే ఆ జబ్బు రాదు. తల్లిని వేరు గదిలో పెట్టిన కోడళ్ళు, కొడుకులు ఈ ఒక్క మాట పట్టించుకోవాలి. ఒంటి మీద కంతి పెరుగుతూ ఉంటే, నొప్పి లేదు గదా అని నెలల తరబడి పసర్లు కట్టించుకోవద్దు. సార్కోమా గడ్డలు తరచుగా నొప్పి లేకుండానే పెరుగుతాయి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. వంటి ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రిలో చూపించుకోవచ్చును.

కోడి తరువాత పిల్లి. 1986లో పిల్లి సార్కోమా వైరస్‌లో 'కిట్' అనే జన్యువు దొరికింది. మన కడుపులో, పేగులో వచ్చే ఒక రకం సార్కోమాలో అదే జన్యువు చెడి ఉంటుందని 1998లో జపాను వైద్యులు కనుగొన్నారు. అప్పటివరకు దానికి కాన్సరు మందులు సరిగా పనిచేసేవి కావు. 2000 మార్చిలో ఫిన్లాండులో ఒక స్త్రీకి ఇమాటినిబ్ అనే మాత్ర మొదటిసారి ఇచ్చి చూశారు. కొద్ది వారాల్లోనే ఆమె కంతులు కరగడం మొదలయింది. ఆ మాత్ర మీద విదేశీ కంపెనీ కోరిన పేటెంటును మన సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న నిరాకరించింది. మన దేశపు కంపెనీలు దానిని తక్కువ ధరకు తయారు చేస్తున్నాయి.