పొక్కు చితికిన చోట

నోరు పూసిందంటే తెలుగింట ఎవరూ పెద్దగా కంగారు పడరు. వేడి చేసిందంటారు. మజ్జిగ ఎక్కువగా పుచ్చుకోమంటారు. బి-కాంప్లెక్స్ మాత్ర ఒకటి చేతిలో పెడతారు. చాలా సందర్భాలలో ఆ వైద్యమే చాలుతుంది కూడా. అయితే కొందరిలో ఆ పూత వారాలు గడిచినా మానదు. కారం మాట అటుంచి, చల్లని పెరుగన్నం కూడా మింగుడు పడదు. కొన్ని నెలలకు వీపు మీద, ఛాతీ మీద నీటిపొక్కులు లేస్తాయి. ఒత్తిడి తగిలితే చాలు, చితికిపోయేటంత పలుచని పొక్కులవి. చితికిన చోట ఎర్రని పచ్చిపుండు మిగులుతుంది. పక్కబట్టలు ఒంటికి అతుక్కుపోతాయి. ఈ దశలో ఆసుపత్రిలో చేరిన రోగి బంధువులు తొలిసారిగా పెంఫిగస్ అనే పేరు వింటారు.

పేరు విన్న వెంటనే వారు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది అంటుకుంటుందా?" అంటుకోదు. రోగి వలన చూడవచ్చిన వారికి పెంఫిగస్ రాదు. చూడవచ్చిన వారి చేతుల వలన రోగికి ప్రమాదం రావచ్చు. ఈ రెండవ మాట చెప్పే తీరిక వార్డులో అందరికీ ఉండదు. కాని రోగి ప్రాణం అనేకసార్లు దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

పెంఫిగస్ అనే మాటకు మూలం పొక్కు అనే అర్థమున్న గ్రీకు పదం. 1950లలో కార్టికోస్టెరాయిడ్ మందులు వాడుకలోకి వచ్చేదాకా ఈ వ్యాధి సోకినవారిలో అత్యధికులు మరణించేవారు. పొక్కే నేరుగా ప్రాణం తీసేది కాదు. చర్మం లేని చోటి నుండి నీరు, లవణాలు, మాంసకృత్తులు కారిపోయేవి. అదే ద్వారం గుండా సూక్ష్మజీవులు రక్తంలోకి చేరేవి. నేడు మరణాలు బాగా తగ్గాయి. కాని ఆ తగ్గిన మరణాలకు కూడా ముఖ్యకారణంగా సూక్ష్మజీవుల దాడే మిగిలి ఉంది.

ఈ దాడిని అర్థం చేసుకోవాలంటే చర్మపు నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. మన పైచర్మంలోని కణాలు గోడలో ఇటుకల వలె పేర్చి ఉంటాయి. ఇటుకల మధ్య సున్నం ఉన్నట్లు, ఈ కణాల మధ్య డెస్మోజోములనే బిగింపులు ఉంటాయి. వాటిలో ముఖ్యమైన మాంసకృత్తులు డెస్మోగ్లీన్లు. ఒక కణం నుండి పొడుచుకు వచ్చిన డెస్మోగ్లీన్, పక్క కణం నుండి వచ్చిన తన జోడును పట్టుకుని లంకె వేస్తుంది. ఆ పట్టు నిలవడానికి కాల్షియం కావాలి. ఈ లంకెల జాతులలో రెండింటితోనే ఇక్కడ మనకు పని. మొదటి డెస్మోగ్లీన్ చర్మపు పైవరుసలలో అధికం. మూడవది చర్మపు అడుగు వరుసలలోను, నోటి లోపలి పొరలోను ప్రధానం.

శరీరాన్ని కాపాడవలసిన ప్రతిరక్షకాలు పెంఫిగస్‌లో ఈ లంకెలనే శత్రువులుగా ఎంచుకుంటాయి. రోగుల రక్తంలో ఇటువంటి ప్రతిరక్షకాలు ఉన్నాయని 1964లో అమెరికాలోని బఫెలోలో బ్యూట్నర్, జోర్డన్ అనే పరిశోధకులు చూపారు. మూడవ లంకె దెబ్బ తింటే నోరు పూస్తుంది. మొదటిది కూడా దెబ్బ తింటే ఒళ్లంతా పొక్కులు లేస్తాయి. మొదటిది మాత్రమే దెబ్బ తింటే పెంఫిగస్ ఫోలియేసియస్ అనే రకం వస్తుంది. అందులో నోరు పూయదు. చర్మపు పైపొర మాత్రం పొట్టు రాలినట్లు రాలుతుంది.

ఇక రెండవ పాత్ర. స్కాట్లండులోని ఏబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే శస్త్రవైద్యుడు 1880లో చీమును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ద్రాక్షగుత్తుల వలె గుమికూడిన గుండ్రని జీవులను వర్ణించాడు. వాటికి స్టెఫిలోకాకస్ అని పేరు పెట్టినవాడు కూడా ఆయనే. వాటిలో బంగారు వన్నె గల జాతి ఆరియస్. ఇదేదో ఆసుపత్రి గోడలలో దాగిన భూతం కాదు. ఆరోగ్యవంతులలో సుమారు నాలుగింట ఒక వంతు మంది ముక్కుపుటాలలో ఇది ఏ బాధా కలిగించకుండా కాపురం చేస్తూ ఉంటుంది. చెక్కు చెదరని చర్మం దీనికి దాటరాని గోడ. చర్మపు పైభాగం కొద్దిగా ఆమ్లగుణం కలిగి, పొడిగా, కొవ్వు ఆమ్లాలతో కూడి ఉండటం వలన అక్కడ దీని ఆటలు సాగవు. చితికిన పొక్కు అందుకు పూర్తిగా విరుద్ధం. తడి, వెచ్చదనం, రక్తం నుండి ఊరిన మాంసకృత్తులు అన్నీ అక్కడ సిద్ధంగా ఉంటాయి. ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచడానికి రసాయనజ్ఞులు శ్రమపడి తయారుచేసే ఆహారం, రోగి వీపు మీద ఉచితంగా దొరుకుతుంది.

ఈ కథలో అతి విచిత్రమైన ఘట్టం 2000 సంవత్సరంలో వెల్లడైంది. పసిపిల్లలకు స్టెఫిలోకాకస్ వలన వచ్చే ఒక జబ్బులో, వేడినీళ్లు పడినట్లు చర్మం పైపొర ఊడి వస్తుంది. ఆ జీవి విడిచే విషమే దీనికి కారణమని ఎప్పటి నుండో తెలుసు. అది దేనిని కోస్తుందో మాత్రం తెలియదు. జపానుకు చెందిన అమగై, అమెరికాకు చెందిన స్టాన్లీ, వారి సహచరులు ఆ విషం మొదటి డెస్మోగ్లీన్‌ను కోస్తుందని నిరూపించారు. అంటే పెంఫిగస్ ఫోలియేసియస్‌లో ప్రతిరక్షకాలు గురిపెట్టిన లంకెనే ఈ జీవి కూడా ఎంచుకున్నదన్నమాట. ఆ విషం ఒక ఎంజైము. ఆ పొడవాటి అణువులో ఒకానొక గ్లుటామిక్ ఆమ్లం పక్కనున్న ఒకే ఒక బంధాన్ని తెంచి ఊరుకుంటుంది. మూడవ డెస్మోగ్లీన్‌ను ముట్టదు. ప్రయోగశాలలో ఇంత నేర్పుగా ఒక్క బంధాన్ని కోయగల కారకం దొరికితే రసాయనజ్ఞుడు పండుగ చేసుకుంటాడు.

స్టెఫిలోకాకస్ జాతులన్నీ ఈ విషాన్ని తయారుచేయవు. కనుక ఆసుపత్రిలోని ప్రతి పెంఫిగస్ పుండులోను ఇదే జరుగుతున్నదని అనుకోరాదు. అక్కడ అసలు చిక్కు వైద్యంలోనే ఉంది. తిరుగుబాటు చేసిన ప్రతిరక్షకాలను అణచాలంటే స్టెఫిలోకాకస్‌ను ఎదుర్కొనే సైన్యాన్ని కూడా కొంత అణచక తప్పదు. స్టెరాయిడ్లు తగినంత ఇవ్వకపోతే కొత్త పొక్కులు లేస్తాయి. అధికంగా ఇస్తే ఉన్న పుండ్లు చీము పడతాయి. అంతకు మించిన మోసం మరొకటి ఉంది. స్టెరాయిడ్లు జ్వరాన్నీ, వాపునూ కప్పిపుచ్చుతాయి. రక్తంలో సూక్ష్మజీవులు చేరినా థర్మామీటరు మామూలు అంకెనే చూపవచ్చు. రోగి ఉన్నట్టుండి మందకొడిగా మారడం, మాట తడబడటం, మూత్రం తగ్గడం వంటివి ముందుగా కనిపించవచ్చు. వీటిని పక్కన కూర్చున్న ఇంటివారే మొదట పసిగట్టిన సందర్భాలు కద్దు. "జ్వరం లేదు కదా" అని ఊరుకోకుండా వెంటనే నర్సుకు చెప్పాలి.

స్టెఫిలోకాకస్ ఒక్కటే కాదు, సూడోమోనాస్ అనే తేమను కోరే జీవి కూడా వస్తుంది. అది పయోసయనిన్ అనే నీలిరంగును తయారుచేస్తుంది. కట్టు గుడ్డ మీద ఆకుపచ్చ మరక, ద్రాక్షపండును తలపించే తీపి వాసన వస్తే అనుభవజ్ఞురాలైన నర్సుకు ప్రయోగశాల ఫలితం రాకముందే అనుమానం కలుగుతుంది. అయినా ఫలితం కావలసిందే. పుండు నుండి నమూనా తీసి, జీవిని పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసి గాని సరైన యాంటీబయాటిక్‌ను నిర్ణయించలేరు. పరిస్థితి విషమిస్తే మందు ఆలస్యం చేయరు. కాని నమూనా ముందుగానే తీసుకుంటారు. పెనిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ కోసం వచ్చిన మెథిసిలిన్‌ను ధిక్కరించే జాతులు 1961లోనే ఇంగ్లండులో బయటపడ్డాయి. వాటి సంతతి ఇప్పుడు ప్రపంచమంతటా ఆసుపత్రులలో ఉంది. విదేశాల నుండి ఫోనులో, "ఫలానా మాత్ర మొదలుపెట్టు నాన్నా" అని సలహా ఇచ్చే బిడ్డలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అరకొరగా వాడిన మందు నమూనా ఫలితాన్ని కూడా తారుమారు చేస్తుంది.

వార్డులో జరిగే సేవ చూడటానికి మందుల కంటే సామాన్యంగా కనిపిస్తుంది. ఒకనాడు పల్లెటూరి బావులలో వేసిన పర్మాంగనేటే ఇక్కడా పుండ్లు తడపడానికి పనికి వస్తుంది. 10 లీటర్ల నీటికి 1 గ్రాము చాలు. నీరు లేత గులాబీ రంగులో ఉండాలి. వంకాయ రంగు వచ్చిందంటే మందు ఎక్కువైనట్లే. కరగని పలుకు చర్మాన్ని కాల్చగలదు. భారతదేశంలో అనేక ఆసుపత్రులు ఇటువంటి రోగులను అరటి ఆకుల మీద పడుకోబెడతాయి. ఆకు పైనున్న మైనపు పొర వలన అది పుండుకు అతుక్కోదు, చల్లగానూ ఉంటుంది. అయితే పెరట్లో కోసి నీళ్లు చిలకరించిన ఆకు భోజనానికి సరిపోతుంది గాని పుండుకు సరిపోదు. ఆవిరిలో శుద్ధి చేయాలి. సూదిని నిలపడానికి వేసే జిగురు పట్టీని ఊడదీస్తే దానితో పాటు చర్మమూ రావచ్చు. కనుక పట్టీకి బదులు మెత్తని కట్టు కడతారు. ఇక చేతులు కడుక్కోవడం. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ క్లోరిన్ నీళ్లతో వైద్యుల చేతులు కడిగించి బాలింతల మరణాలను తగ్గించాడు. అయినా ఆనాటి వైద్యులలో చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. తెలుగు బంధువర్గం ఒప్పుకుంటుందా అన్నది నేటికీ సందేహమే! పరామర్శకు వచ్చి, పళ్ల సంచి బల్ల మీద పెట్టి, ఆప్యాయంగా రోగి చేయి పట్టుకోవడం మన ఆచారం.

పశ్చిమ దేశాలలో స్థిరపడిన కుటుంబాలకు దీని దాయాది వ్యాధి ఎక్కువగా ఎదురుకావచ్చు. పెంఫిగస్ భారతదేశంలో తరచుగా నడివయసు వారికి, ఇల్లు నడిపే వయసులో వస్తుంది. అక్కడ అధికంగా కనిపించే బుల్లస్ పెంఫిగాయిడ్ మాత్రం వృద్ధుల జబ్బు. విపరీతమైన దురద, ఆపైన బిగువైన గట్టి పొక్కులు దీని లక్షణాలు. బలహీనులైన వృద్ధులకు అధిక మోతాదు స్టెరాయిడ్లు కొన్నిసార్లు జబ్బు కంటే భారమవుతాయి. బ్రిటన్, జర్మనీలలో 253 మందిపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. స్టెరాయిడ్‌తో మొదలుపెట్టిన వారిలో 91 శాతం మందికి ఆరు వారాలలో పొక్కులు అదుపులోకి రాగా, డాక్సీసైక్లిన్‌తో మొదలుపెట్టిన వారిలో 74 శాతం మందికి వచ్చాయి. కాని ఏడాది లోపల మందు వలన తీవ్రమైన హాని మొదటి వర్గంలో 36 శాతం, రెండవ వర్గంలో 18 శాతం. ఇక్కడ డాక్సీసైక్లిన్‌ను వాడేది సూక్ష్మజీవులను చంపడానికి కాదు, వాపును తగ్గించే దాని గుణం కోసం. ఆ మందు టెట్రాసైక్లిన్ వంశానికి చెందినది. ఆ వంశంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. దానిని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధన సాగిన లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పెంఫిగస్‌కు కూడా 2018లో అమెరికా ప్రభుత్వం రిటుక్సిమాబ్‌ను ఆమోదించింది. ప్రతిరక్షకాలు తయారుచేసే కణాల పూర్వీకులను అది తొలగిస్తుంది. దానివలన స్టెరాయిడ్ల మోతాదు త్వరగా తగ్గించే వీలు కలిగింది. అయితే ఇది కూడా శరీర రక్షణను తగ్గించే మందే. కాబట్టి పుండ్లు మానేదాకా కాపలా తప్పదు.

మానడం మొదలైతే అది కంటికి తెలుస్తుంది. పెంఫిగస్ పొక్కు పైచర్మంలోనే విడిపోతుంది గనుక, సూక్ష్మజీవులు లోతుకు దిగకపోతే, సాధారణంగా మచ్చ కట్టదు. పుండు అంచుల నుండి కొత్త చర్మం లోపలికి పాకుతుంది. కొన్నాళ్లు అక్కడ నల్లని మరక ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ అదీ క్రమంగా పలుచబడుతుంది.