తెరకు వెలుపలి పాటలు



మా బండారులంకలో పెండ్లిపందిరి వేసినను, రామకోవెలలో ఉత్సవము జరిగినను, మేళగాండ్రకంటె ముందుగా వచ్చునది మైకుసెట్టు. అందుండి వెలువడునది ప్రాయికముగా సినిమా పాట. సినిమా పాటయెడల నాకు ద్వేషము లేదు. మంచి సాహిత్యము, మంచి స్వరము అందును కలవు. కాని పాట యనగా సినిమా పాటయే యనియు, తక్కినవి దానికి దిగువ మెట్టువనియు ఒక తలంపు మనలో నాటుకొని యున్నది. అది సరికాదని నా మనవి. తెరపై బొమ్మ లేక, కథానాయకుని అండ లేక, తమ బలముచేతనే నిలిచిన రికార్డులు తెలుగులో పెక్కులు కలవు. వానిలో నాకు మిక్కిలి ప్రియమైన కొన్నిటిని గూర్చి ముచ్చటించెదను. ఇది పండితుల పరీక్ష కాదు. మగ్గపు చప్పుడు నడుమ పాటలు వినుచు పెరిగిన ఒక అభిమాని యెంపిక మాత్రమే.

మొదట పేరు సంగతి. ఇట్టి పాటలను 'ప్రైవేటు పాట'లందురు. చిత్రమైన పేరు! గ్రామఫోను మన దేశమునకు వచ్చిననాడు సినిమాకు ఇంకను నోరు రాలేదు. 1902వ సంవత్సరమున కలకత్తాలో గౌహర్ జాన్ అను గాయని పాటను ప్లేటుపై పట్టిరి. పాట ముగియగనే ఆమె తన పేరును ఇంగ్లీషులో చెప్పుకొనెడిది. తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వెలువడినది 1932లో. ఆ నడుమ ముప్పదియేండ్లు ప్లేట్లపై వినవచ్చినవి నాటక పద్యములు, కీర్తనలు, జావళులు. కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యము పెట్టినచో వీథి వీథియంతయు పెట్టె చుట్టు మూగెడిదని మా పెద్దలు చెప్పెడివారు. అనగా ఇంటి యజమాని ఈ పాటయే. సినిమా తరువాత వచ్చిన చుట్టము. చుట్టము నడుమింట పీట వేసికొని కూర్చుండగా, యజమానికి 'ప్రైవేటు' అని పేరు వచ్చినది.

ఇక ప్లేటు స్వభావము కొంత తెలిసికొనవలెను. ఆనాటి ప్లేటు లక్కలో రాతిపొడి కలిపి చేసినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పదియంగుళముల ప్లేటుపై ఒక వైపున పట్టునది మూడు నిమిషములు, మహా యైన మఱి కొన్ని క్షణములు. చీరకు మగ్గపు వెడల్పు ఎట్టి హద్దో, పాటకు ఈ మూడు నిమిషములు అట్టి హద్దు. అరగంట ఆలాపన చేయు విద్వాంసుడును తన రాగమును చిటికెలో చూపి, పల్లవిని ఎత్తుకొని, చరణము ముగింపవలసి వచ్చెను. దీనిని కొందఱు లోపమందురు. నాకు లోపముగా తోపదు. చిన్న నేతలో పోగు తప్పినచో వెంటనే కనబడును. మూడు నిమిషములలో గాయకునకు దాగుటకు చోటు లేదు.

మఱియొక ముచ్చట. 1925వ సంవత్సర ప్రాంతమువరకు మైకు లేదు. గాయకుడు పెద్ద కొమ్ము వంటి గొట్టములోనికి గట్టిగా పాడగా, ఆ ధ్వని యదురు సూదిని కదలించి మైనముపై గీత గీసెడిది. కావున నాటకశాలలో కడపటి వరుసకు వినిపింపజాలు కంఠములకే అందు చెల్లుబాటు. విద్యుత్తుతో పనిచేయు మైకు వచ్చిన పిమ్మట చెవిలో గుసగుసలాడినట్లు పాడినను ప్లేటు పట్టుకొనసాగెను. మనము నేడు లలిత సంగీతమని పిలుచుదాని పుట్టుక యిందులో కొంత యున్నది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గార్ల పాటలు ఈ మార్పునకు మంచి సాక్ష్యము. రాధాకృష్ణుల ప్రణయకోపమును వారు పాడిన తీరు చూడుడు: కంఠము పెంచుట లేదు, సంగతులు గ్రుమ్మరించుట లేదు. ఒక మాటను మెత్తగా జార్చి విడుచుటలోనే రసమంతయు కలదు. రాజేశ్వరరావు గారు పిమ్మట 'మల్లీశ్వరి' వంటి చిత్రములకు సంగీతము కూర్చి మహాఖ్యాతి నొందిరి. ఆ ఖ్యాతికి విత్తనములు ఈ చిన్న ప్లేట్లలో నున్నవని నా నమ్మకము.

నా యెంపికలో తొలి స్థానము మాత్రము మఱియొక ప్లేటునకు. శంకరంబాడి సుందరాచారి గారు 1942వ సంవత్సరమున 'దీనబంధు' అను చిత్రమునకై తెలుగుతల్లిని గూర్చి ఒక పాట వ్రాసిరి. పాట చిత్రములో చేరలేదు. అంతటితో దాని కథ ముగియవలసినదే. కాని టంగుటూరి సూర్యకుమారి గారు దానిని గ్రామఫోనుకు పాడిరి. చిత్రము పేరు నేడు ముసలివారికిని గుర్తు లేదు. పాటయన్ననో బడిపిల్లలనోట నిలిచి, ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రగీతమైనది. అదియే 'మా తెలుగుతల్లికి'. తెర కాదన్నదానిని లక్కప్లేటు ఊరూరికి మోసికొనిపోయినది. రాజమహేంద్రవరమున 1925లో జన్మించిన సూర్యకుమారి గారు ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. ఆమె కంఠములో ఒక తిన్నని నిటారుతనము కలదు. దేశభక్తి గీతమును పాడువారు చాలమంది కంఠమును బిగించి యుద్ధభేరివలె మ్రోగింతురు. ఆమె అట్లు చేయలేదు. తల్లిని గూర్చి బిడ్డ చెప్పుకొన్నట్లు పాడిరి. 1947 ఆగస్టున స్వాతంత్ర్యము వచ్చినపుడు మద్రాసు రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు వ్రాసి బాణీకట్టిన స్వాతంత్ర్యగీతమును పాడినదియు ఆమెయే.

తరువాత ఘంటసాల. ఆయనను సినిమా గాయకుడనియే లోకము స్మరించును. న్యాయమే. అయినను ఆయన సినిమాకు వెలుపల పాడిన రెండు రికార్డులు లేనిచో ఆయన సగమే మిగులును. ఒకటి 'పుష్పవిలాపము'. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పద్యములు. పూజకై పూలు కోయ వచ్చినవానితో పూలు మొఱపెట్టుకొను ఘట్టము. నాటకములలో పద్యమును పాడు పద్ధతి వేఱు: చివరి పాదమునకు రాగము తగిలించి, చప్పట్లు పడువరకు లాగుదురు. ఘంటసాల గారు ఆ లాగుడును తీసివేసిరి. పదము పదముగా విడదీసి, భావమునకు తగిన రాగమును అందించి, నడుమ నడుమ వచనముతో ముడివేసిరి. నాటకశాలలోని పద్యము ఇంటి వసారాలోనికి దిగివచ్చినది. చదువురాని స్త్రీలును ఆ పద్యములను కంఠస్థము చేసిరనిన, కారణ మిదియే. గోదావరి కావలి కడియపులంక పూలతోటలనుండి బుట్టలకొలది పూలు సంతకు పోవుట చూచినపుడెల్ల నాకు ఆ ప్లేటు చెవిలో మెదలును. దానివలన ఎవరైన పూలు కోయుట మానిరా యని యడుగకుడు. మాన లేదు. కాని కోయునపుడు చేయి ఒక్క క్షణ మాగిన వారిని నేనెఱుగుదును.

రెండవది భగవద్గీత. 1922లో గుడివాడ చేరువ చౌటపల్లిలో పుట్టి, విజయనగరమున సంగీతము నేర్చి, 1942 ఉద్యమమున చెఱకేగిన ఆయన, జీవితపు చివరిభాగమున ఈ రికార్డు పాడిరి. ఏడువందల శ్లోకములలోనుండి కొన్నిటిని ఏఱి, ఒక్కొక్కదానికి తెలుగు తాత్పర్యము చేర్చి పాడినది. 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఆయన మరణించిరి. రికార్డు ఆ తరువాత ప్రజల చేతికి వచ్చినది. ఇక్కడ ఒక బాధ చెప్పవలసి యున్నది. మన యూళ్లలో శవము లేచునపుడు ఈ రికార్డు పెట్టుట ఆచారమైపోయినది. తత్ఫలితముగా వేకువజామున ఎచటనైన ఆ కంఠము వినిపించినచో 'ఎవరు పోయిరి?' అని గుండె ఝల్లుమనుచున్నది. గీత చెప్పబడినది చచ్చినవానికి కాదు. విల్లు క్రిందబెట్టి కూలబడిన బ్రతికినవానికి. ఘంటసాల గారును దానిని అట్లే పాడిరి. ఎన్నడైన ఏ దుఃఖమును లేని యొక సాయంకాలమున, ఇంటివా రందఱు కూర్చుండి దానిని మొదటినుండి వినుడు. అది వేఱొక రికార్డువలె తోచును.

మా సీమవాని మాట వచ్చుచున్నది గనుక కొంచెము గర్వముతో చెప్పెదను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు రాజోలు ప్రాంతపు శంకరగుప్తమున 1930లో జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు వాయించెడివారు. తల్లి సూర్యకాంతమ్మ గారు వైణికురాలు. ఆ తల్లి ఈయన పసికందై యుండగనే గతించెను. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడై ఎనిమిదేండ్లకే సభలో పాడెను. ఇవి యన్నియు మీరెఱిగినవే. నేను చెప్పదలచినది ఆయన పాండిత్యమును గూర్చి కాదు, పాండిత్యమును దాచుకొనుటను గూర్చి. భద్రాచల రామదాసు కీర్తనలను ఆయన రికార్డులలోను, విజయవాడ రేడియో భక్తిరంజనిలోను పాడినప్పుడు, క్రొత్త రాగములను కల్పించిన ఆ మహావిద్వాంసుడు భజనగోష్ఠిలో ఒక సామాన్యునివలె పాడెను. గోలకొండ చెఱలో నున్న గోపన్న రాముని నిలదీయుచున్నపుడు మాట వినబడవలెనుగాని గమకము కాదు. ఆ విచక్షణ ఆయనకు కలదు. భద్రాచలమును ఒరసికొని వచ్చిన గోదావరియే మా కాలువలలో పారుచున్నది. కావున ఆ కీర్తనలు మాకు ఎగువనుండి వచ్చిన నీరువంటివే. వరినాట్ల వేళ వానిని కూనిరాగముగా తీయువారికి అవి రికార్డునుండి వచ్చినవో, తాతలనుండి వచ్చినవో తెలియదు.

మాటయే లేని పాటయు ఒకటి నా పేటికలో నున్నది. కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబు గారి వీణ. ఆయన గురువు ద్రాక్షారామమున పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు. వీణపై స్వరము మెట్టుతో ఆగిపోదు. మెట్టుపై నున్న తీగను ప్రక్కకు లాగినచో స్వరము పైకి సాగును. ఆ లాగుడులోనే కంఠపు వంపు పుట్టును. చిట్టిబాబు గారు 'కొమ్మలో కోయిల' అను రచనలో ఆ వంపునే కోయిల కూతగా మార్చిరి. శాస్త్రము తెలిసిన కొందఱు ఇది వినోదమే గాని సంగీతము కాదనిరి. మా మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవారు మాత్రము నాడె ఆపి తలయెత్తి చూచిరి. నేను వారి పక్షము.

ఎమ్. ఎస్. రామారావు గారి సుందరకాండను గూర్చి రెండు ముక్కలే చెప్పెదను. సంగీతముగా చూచినచో అది మిక్కిలి సాదా. ఒకే నడక. అందులకే ఊరి కోవెలలో పదిమంది స్త్రీలు కలిసి పాడగలిగిరి. పాడుటకు వీలిచ్చు పాటకు ఒక మర్యాద కలదు. దానిని నా యెంపికలో చివర నుంచినను, వెలుపల నుంచజాలను.

నేడు యువకులు సినిమావారిని ఆశ్రయింపక తమ పాటను తామే పట్టి, యూట్యూబునందు లోకమునకు విడుచుచున్నారు. కంపెనీ గడప త్రొక్కనక్కర లేదు. మూడు నిమిషముల హద్దును లేదు. వానిలో జానపదములు కొన్ని నాకు బాగుగ నున్నవి. తొందరలో చేసినవియు పెక్కు. కాలము వడకట్టును. నా దిగులు క్రొత్తవానిని గూర్చి కాదు, పాతవానిని గూర్చి.

తిరుమలలో అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి, శతాబ్దములు ఒక అఱలో పడియుండి, ఇరువదవ శతాబ్దమున వెలుగుచూచినవి. రేకుపై సాహిత్యము నిలిచినది. రాగము పేరు నిలిచినది. బాణీ మాత్రము నిలువలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మొదలగువారు వానికి క్రొత్తగా స్వరములు కూర్చవలసి వచ్చెను. అన్నమయ్య ఎట్లు పాడెనో ఇక ఎవ్వరును చెప్పజాలరు. లక్కప్లేటు విషయము దీనికి తలక్రిందు: బాణీయు, కంఠమును, పాడువాని ఊపిరియు అందు కలవు. కాని రాగిరేకు విఱుగదు. లక్కప్లేటు చేయి జారినచో రెండు ముక్కలు. సినిమా పాటకు పదిచోట్ల నకళ్లుండును. ప్రైవేటు ప్లేటునకు కొన్నిచోట్ల మీ అటుకపై నున్నదే కడపటిది కావచ్చును.

కావున పాతసామానులవానికి వేయుటకు ముందు ఒక్కమారు ఆ పెట్టెను దింపి చూడుడు. ప్లేట్లను ఒకదానిపై నొకటి పేర్చకుడు. పుస్తకములవలె నిలువుగా నుంచుడు. ఎండ తగిలినచో వంగును. మెత్తని పొడిబట్టతో గీతల వెంబడి చుట్టుగా తుడువుడు. లక్కకు సారాయి తగిలినచో కరగును గనుక స్పిరిటుతో ఎన్నడును తుడువకుడు. పాత ఉక్కుసూదితో వేయకుడు. ఆ సూదులు ఒక్క వైపునకే యుద్దేశింపబడినవి, రెండవ వైపునకు అవి గీతలను కోయును. మనుమలలో ఎవరైన ఫోనుతో, కంప్యూటరుతో చనువు గలవారున్నచో తగిన యంత్రముపై దానిని ఒకమారు మ్రోగించి నకలు తీయింపుడు. తీయించునప్పుడు ప్లేటు నడుమ అంటించిన కాగితమును గూడ ఫోటో తీయింపుడు. పాడినవారి పేరు లోకమునకు తెలిసియుండవచ్చును. వ్రాసినవారి పేరు ఆ కాగితముపై తప్ప మఱెక్కడను లేకపోవచ్చును.